పట్టేసిన సైలెన్సర్ నట్లు విప్పడానికి వాడిన సామాను: కొన్నేళ్ల తర్వాత నా సమీక్ష

గేర్లు లేని స్కూటర్ ఉన్నవారికి సైలెన్సర్ విప్పే పని అనుకున్నదానికంటే తరచుగా పడుతుంది. మా ఇంట్లోని 110 సీసీ బండితో సహా చాలా మోడళ్లలో వెనక చక్రం బయటికి రావాలంటే ముందుగా సైలెన్సర్ దిగాలి. కాబట్టి టైరు మార్చాలన్నా, వెనక బ్రేకు షూలు వేయాలన్నా, సిలిండర్ హెడ్డుకు (ఇంజను పైభాగానికి) సైలెన్సర్ బెండును, అంటే దాని వంపు గొట్టాన్ని, బిగించి ఉంచే రెండు నట్ల జోలికి వెళ్లక తప్పదు. ఇంజను పక్కన సైలెన్సర్‌ను మోసే పెద్ద బోల్టులు కాస్త మొరాయించినా చివరికి వస్తాయి. హెడ్డు దగ్గరి ఈ చిన్న నట్లు మాత్రం ఒక్కోసారి స్టడ్డును, అంటే హెడ్డులోంచి బయటికి వచ్చే మరల కడ్డీని, కూడా విరిచేసుకుని, గంటలో అయిపోవలసిన పనిని హెడ్డు దించేదాకా తీసుకువెళతాయి. వీటి కోసం స్ప్రేలు, ఇంట్లో కలిపిన నూనెలు, ఆరు మూలల సాకెట్లు (నట్టు మీద టోపీలా కూర్చునే పానాలు), గ్యాస్ టార్చి, నట్టును చీల్చే నట్ స్ప్లిటర్, రాగి పేస్టు ఒకదాని తర్వాత ఒకటి కొని, విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే చోట నిలిపే బండి మీద ఏళ్ల తరబడి వాడిన మీదట కుదిరిన అభిప్రాయాలివి.

నట్టు ఎందుకు పట్టేస్తుందో తెలిస్తే ఏ సామాను ఎంతవరకు పనిచేస్తుందో అంచనా వేయవచ్చు. ముందు చక్రం చిమ్మే వాన నీరు నేరుగా ఆ మూలకే చేరుతుంది. బండి నడిచినప్పుడల్లా అక్కడి లోహం బాగా కాలి, ఆపాక చల్లబడి, రాత్రి తేమను పట్టుకుంటుంది. మామూలు నూనె, గ్రీజు అయితే మొదటి కొన్ని ప్రయాణాల్లోనే మాడిపోతాయి. మా ఊళ్లో దీనికి ఉప్పు గాలి తోడవుతుంది. ఏటా రంగు వేసే గేటు గొళ్ళాలే తుప్పు పడుతుంటే, పూత లేని నట్టు సంగతి చెప్పనక్కరలేదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందున్నదానికి రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కనుక, నట్టుకూ స్టడ్డుకూ మధ్య మరల్లో ఉన్న సందు పూర్తిగా నిండి, రెండూ ఒకే ముక్కలా బిగుసుకుంటాయి. స్టడ్డు రెండో కొస అల్యూమినియం హెడ్డులో ఉంటుంది. అక్కడ రెండు వేర్వేరు లోహాలు తడిలో కలిసి ఉండడం వల్ల అల్యూమినియం కూడా తెల్లటి పొడిగా మారి స్టడ్డును పట్టేస్తుంది. మనం పానా తిప్పితే నట్టు ఊడవచ్చు, లేదా నట్టుతో పాటు స్టడ్డు మొత్తం బయటికి రావచ్చు; ఈ రెండూ ఫరవాలేదు. మూడోది స్టడ్డు మధ్యకు తెగడం. నట్టు వెల కొద్ది రూపాయలు, హెడ్డు వెల వేలల్లో. కాబట్టి నట్టు పోయినా సరే స్టడ్డు మిగలాలి అన్నది నా లెక్క. ఏ సామాను మంచిదో ఈ లెక్కతోనే చూస్తాను.

అందరూ మొదట చేయి చాచేది డబ్ల్యూడీ-40 డబ్బా వైపే. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో తయారైన ఈ ద్రవం ముఖ్యంగా తేమను తరిమి లోహాన్ని కాపాడడానికి పుట్టింది. తాళాలకు, గొలుసులకు, కొత్తగా పట్టిన తుప్పుకు ఇది చక్కగా పనిచేస్తుంది. రెండు మూడు వానాకాలాలు చూసిన సైలెన్సర్ నట్టు మీద మాత్రం దీని ఒక్కదాన్ని నమ్ముకోవడం కష్టమని తేలింది. తుప్పు మరల్లోకి దిగడానికే చేసిన పెనెట్రేటింగ్ ఆయిల్ వేరుగా దొరుకుతుంది, ధర కొంచెం ఎక్కువైనా తేడా కనిపిస్తుంది. ఆటోమేటిక్ గేరుబాక్సు నూనెను, అసిటోన్‌ను సమపాళ్లలో కలిపిన మిశ్రమం దానికి దీటుగా పనిచేసింది. అయితే రెండూ విడిపోతూ ఉంటాయి కనుక వేసే ముందు ప్రతిసారీ సీసాను కుదపాలి, చుక్క పడినచోట స్కూటర్ ప్లాస్టిక్ పలకల మెరుపు పోతుంది. మెకానిక్కులు వాడే కిరోసిన్, బ్రేకు ఆయిల్ కలిపిన మందు కూడా పనికొస్తుంది కానీ, బ్రేకు ఆయిల్ రంగును లేపేస్తుంది. నిజానికి ఈ ద్రవాల మధ్య ఉన్న తేడా కంటే, పది నిమిషాలు నాననివ్వడానికీ రాత్రంతా నాననివ్వడానికీ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది. బండిని కాసేపు నడిపి, నట్టు చేతికి వెచ్చగా తగిలేంతవరకు చల్లారాక నూనె వేసి, చిన్న సుత్తితో నట్టు ముఖం మీద తేలికగా తట్టి, పడుకునే ముందు మళ్లీ ఒకసారి తడిపితే, పొద్దున పని సగం తేలికవుతుంది. దానికి ముందు నట్టు దాటి బయటికి కనిపించే స్టడ్డు మరలను తీగ బ్రష్షుతో శుభ్రం చేయడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే విడిచిన నట్టు బయటికి రావాల్సింది ఆ తుప్పు పెచ్చుల మీదుగానే.

పానాల విషయంలో నా అభిప్రాయం ఖరారైపోయింది: పన్నెండు మూలల రింగు పానా ఈ నట్టుకు పనికిరాదు, నోరు సర్దుకునే స్క్రూ పానా అసలే వద్దు. తుప్పు పట్టిన నట్టు మూలలు అప్పటికే కొంత అరిగి ఉంటాయి. పన్నెండు మూలల పానా ఆ మూలలనే పట్టుకుంటుంది కనుక, గట్టిగా లాగగానే వాటిని గుండ్రం చేసేస్తుంది. ఆరు మూలల సాకెట్టు నట్టు పక్కల మీద ఆనుతుంది. 6 మిల్లీమీటర్ల స్టడ్డుకు సాధారణంగా 10 నంబరు సాకెట్టు, 8 మిల్లీమీటర్ల దానికి 12 లేదా 13 సరిపోతాయి. కొనేముందు మీ బండి నట్టును కొలుచుకోవాలి. సాకెట్టుకు తగిలించే పొడవాటి ఎక్స్‌టెన్షన్ కడ్డీ ఒకటి ఉంటే బాడీ ప్లాస్టిక్కుల కింద నుంచి సాకెట్టును వంకర లేకుండా నిటారుగా కూర్చోబెట్టవచ్చు, ఎందుకంటే వంకరగా కూర్చున్న సాకెట్టే చాలా నట్లను పాడుచేస్తుంది. హ్యాండిల్‌కు గొట్టం తొడిగి లాగే అలవాటు ఇక్కడ ప్రమాదకరం. మామూలు 8.8 బలం తరగతి ఉక్కు స్టడ్డు 6 మిల్లీమీటర్లదైతే బిగించేటప్పుడే దాదాపు 10 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత), 8 మిల్లీమీటర్లదైతే దాదాపు 25 చాలు. చేతి మణికట్టు బలమే దానికి మించి ఉంటుంది.

విడిచే నట్టుకూ తెగబోయే స్టడ్డుకూ తేడా చేతికి తెలుస్తుంది. నట్టు విడిచేటప్పుడు 'టక్' మని చిన్న చప్పుడు చేసి, ఆ వెంటనే బరువు తగ్గుతుంది. స్టడ్డు మెలి తిరిగేటప్పుడు చప్పుడు ఉండదు. పానా మెత్తగా, సాగుతున్నట్టు తిరుగుతుంది, వదిలితే కొద్దిగా వెనక్కి వస్తుంది. అలా అనిపించిన క్షణమే ఆపాలి. విడిచిన తర్వాత కూడా ఒక్క దమ్మున విప్పకుండా, పావు చుట్టు విప్పి అంతలోనే కొంచెం బిగించి, మళ్లీ విప్పుతూ ఉంటే, మరల్లోంచి ఎర్రటి పొడి నూనెతో కలిసి బురదలా కారుతుంది. దాన్ని తుడిచి మళ్లీ నూనె వేయాలి. ఓపిక లేనివారు మెకానిక్కుకు ఇవ్వడమే మేలు, అతనికీ ఆ ఓపిక ఉంటే.

నూనెకు లొంగని నట్టు మీద నాకు అన్నిటికంటే నమ్మకం కుదిరింది వేడి మీద. చేతిలో పట్టే బ్యూటేన్ టార్చి చాలు. నట్టును వేడి చేస్తే అది స్టడ్డు కంటే ముందుగా వ్యాకోచించి తుప్పు పట్టును పగలగొడుతుంది. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కనుక, హెడ్డు కొంచెం వేడెక్కడం స్టడ్డు రెండో కొసకు కూడా మేలే చేస్తుంది. కానీ స్వచ్ఛమైన అల్యూమినియమే 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, హెడ్డుకు వాడే మిశ్రమ లోహం ఇంకా ముందే కరగడం మొదలవుతుంది, ఉక్కులా ఎర్రబడి ముందుగా హెచ్చరించదు. అందుకని మంట మొన ఎప్పుడూ నట్టు మీదే ఉండాలి. నీడలో చూస్తే నట్టు మసక ఎరుపుకు రాగానే మంట తీసి, కొంచెం ఆగి, మామూలు కొవ్వొత్తి ముక్కను దాని అంచుకు తాకిస్తే, మైనం కరిగి మరల్లోకి పీల్చుకుపోవడం కంటితోనే చూడవచ్చు. ఇంత చవక వైద్యం ఏ డబ్బాలోనూ దొరకలేదు. ఇక జాగ్రత్తల సంగతి. పెట్రోలు ట్యాంకు, పైపులు జానెడు దూరంలోనే ఉంటాయి. ముందు రాత్రి వేసిన నూనెను, ముఖ్యంగా అసిటోన్ మిశ్రమాన్ని, పూర్తిగా తుడిచేయాలి. తడి గుడ్డ, ఇసుక పక్కన ఉండాలి. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్ చల్లిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు, అది ప్రాణాంతకం. ఈ పని ఆరుబయట మాత్రమే చేయాలి. పక్కపక్కనే బండ్లు నిలిపే అపార్ట్‌మెంట్ సెల్లారులో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మూలలు పూర్తిగా పోయిన నట్టుకు నట్ స్ప్లిటర్ మంచి పరికరమే కానీ, స్కూటర్ కింద ఉన్న ఇరుకులో దాని తల అన్నిసార్లూ దూరదు. దూరని చోట చిన్న ఆకురాయితో నట్టు ఒక పక్కను పల్చగా అరగదీసి, ఉలితో చీల్చడం నయం. స్టడ్డు తెగనే తెగితే, మిగిలిన మొండెం మీద నట్టు పెట్టి వెల్డింగు చేసి తిప్పడం ఆటోనగర్ పనివాళ్లకు అలవాటైన విద్య. ఆ వేడికి మొండెం కూడా వదులవుతుంది.

అన్నిటిలోకీ పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితమిచ్చింది రాగి పేస్టు, అంటే మరలు పట్టేయకుండా పూసే కాపర్ యాంటీ సీజ్. నట్లు ఊడదీశాక మరలను శుభ్రం చేసి, అగ్గిపుల్ల తలంత పేస్టు పూసి బిగించాక, తర్వాతి టైరు మార్పు నాటికి అవే నట్లు నూనె, మంట అవసరం లేకుండా సాకెట్టుకే వచ్చాయి. ఇందులోని నూనె మాడిపోయినా రాగి పొడి మరల మధ్య నిలిచి ఉంటుంది. మంచి రకాలకు దాదాపు వెయ్యి డిగ్రీల వరకు హామీ రాసి ఉంటుంది. చిన్న డబ్బా ఏళ్లు వస్తుంది. జారుడు ఎక్కువ కనుక ఇది పూసిన నట్టును కాస్త తక్కువ బలంతో బిగించాలి, రెండు నట్లనూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి, బెండుకూ హెడ్డుకూ మధ్య ఉండే ప్యాకింగు ప్రతిసారీ కొత్తది వేయాలి. డబ్బా మీద నాకున్న ఫిర్యాదు ఒకటే: చేతికి, గుడ్డకు అంటితే వదలదు, బ్రేకు షూలకు తగిలితే అవి పనికిరావు.

పేస్టుతో పాటు ఇత్తడి నట్లు వేసి చూశాను. ఇత్తడి స్టడ్డుతో కలిసి తుప్పు పట్టదు, మెత్తన కనుక ఏదైనా పోతే ముందు నట్టే పోతుంది. ఇప్పటికి అవే ఉన్నాయి. స్టెయిన్‌లెస్ స్టడ్డు మీద స్టెయిన్‌లెస్ నట్టు మాత్రం పొడిగా బిగిస్తే తుప్పు లేకుండానే పట్టేస్తుంది, దాని జోలికి పోవద్దు. స్టడ్డు కొసను కప్పే టోపీ నట్లు నీటిని బాగా ఆపుతాయి కానీ, టోపీ లోతు కంటే స్టడ్డు పొడుగైతే బెండు బిగియకముందే నట్టు ఆగిపోయి, పొగ లీకై హెడ్డు దగ్గర నల్లటి మసి, 'ఫట్ ఫట్' మనే చప్పుడు మొదలవుతాయి. వాటిని వేసేవారు కింద వాషరు పెట్టి లోతు సరిచూసుకోవాలి.