చలికాలం ఉడుకు నీళ్ళకు సోలారా, గీజరా, రాడ్డా: మన తిరుపతికి ఏది మేలు?

మన దగ్గర చలికాలం ఒకటి కాదు, రెండు. అక్టోబర్ నుంచి డిసెంబర్ సగం దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు, మధ్యలో వాయుగుండాలు. అవి తగ్గాక ఆకాశం తేటపడి, సంక్రాంతి దాటేవరకు తెల్లవారుజామున అసలు చలి. స్నానాల గదికి ఏం పెట్టించాలో తేల్చుకునే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

"చలికాలంలో సోలార్ దండగ" అనే మాట చాలామంది నోట వింటాం. అది సగమే నిజం. ముసురు పట్టి రెండు మూడు రోజులు ఎండ మొహం కనబడకపోతే ట్యాంకులో నీళ్ళు గోరువెచ్చగా కూడా ఉండవు, ఒప్పుకోవాల్సిందే. జనవరి సంగతి వేరు. మబ్బు లేని రాత్రి నేలలోని వేడంతా పైకి పోతుంది కాబట్టే చలి ఎక్కువ. మబ్బు లేకపోతే పగలు ఎండా బాగానే కాస్తుంది. అంటే చలి గట్టిగా ఉన్న రోజుల్లోనే సోలార్ బాగా పనిచేస్తుంది! ధనుర్మాసంలో, కొండ మీద సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే ఆ నెలలో, నాలుగింటికే తలస్నానాలు చేసే ఇళ్ళున్నాయి. ముందురోజు ఎండకు కాగిన నీళ్ళు, ట్యాంకుకు మంచి ఫోమ్ పొర ఉంటే అప్పటికీ వేడిగానే ఉంటాయి.

చిక్కు ఎండతో కాదు, నీళ్ళతో. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే ఫ్లాట్ ప్లేట్ రకంలో ఉండే సన్నని రాగి గొట్టాలు త్వరగా పూడుకుపోతాయి. గాజు గొట్టాల రకం కొంత తట్టుకుంటుంది, విప్పి కడగనూ వచ్చు. కానీ కొండ దిగువ వీధుల్లో మిద్దెల మీద కోతులు తిరుగుతాయి, గాజు పగిలే భయం ఉంటుంది. ఇంకొకటి, మిద్దె నుంచి కింది అంతస్తుకు పైపు పొడవైతే వేడి నీళ్ళు వచ్చేలోపు బకెట్ చల్లటి నీళ్ళు పోతాయి. వాటిని పారబోయకుండా పట్టి పెట్టుకోవాలి.

ఇక కరెంటు గీజర్. ఇరవై లీటర్ల బకెట్‌ను 22 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు తేవాలంటే దాదాపు అర యూనిట్. నలుగురికి రోజుకు రెండు, నెలకు అరవై. మన బిల్లు శ్లాబుల లెక్కలో నడుస్తుంది కనుక ఆ అరవై మిమ్మల్ని పై శ్లాబులోకి నెట్టవచ్చు. మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ రకం అదే బకెట్‌ను నింపడానికి తొమ్మిది నిమిషాలకు పైగా తీసుకుంటుంది. వంటింటికి అది చాలు, స్నానానికి పదిహేను లీటర్ల స్టోరేజ్ రకమే నయం. లోపల మెగ్నీషియం కడ్డీ ఉంటుంది, అది అరిగిపోతే ట్యాంకుకు తుప్పు పడుతుంది. సర్వీసుకు వచ్చినవాళ్ళను అడిగి చూపించుకోండి.

రాడ్డు చవక, కరెంటు ఖర్చు గీజర్ కంటే పెద్దగా ఎక్కువ కాదు. అయినా పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. స్విచ్ ఆపకుండా నీళ్ళలో చెయ్యి పెడితే ప్రాణాలకే ముప్పు. గ్యాస్ గీజర్‌ను గాలాడని బాత్‌రూమ్‌లో బిగించడమూ అంతే, దాని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

నా మాట ఇది. సొంత మిద్దె ఉంటే గాజు గొట్టాల సోలార్, దాని ట్యాంకులోనే కరెంటు హీటర్. నవంబర్ ముసురుకు మాత్రమే ఆ స్విచ్ వేసుకుంటే చాలు. పలమనేరు, కుప్పం వైపు ఎత్తు ఎక్కువ, చలి ముందే మొదలై ఎక్కువ రోజులుంటుంది, అక్కడ పెట్టిన డబ్బు ఇంకా త్వరగా తిరిగొస్తుంది. తిరుపతిలో అద్దె ఫ్లాట్ అయితే స్టోరేజ్ గీజర్, పదహారు ఆంప్‌ల ప్లగ్, సరైన ఎర్త్, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ. ఆ చివరిది లేదంటే గీజర్ కంటే ముందు అదే పెట్టించండి.