ముందు చక్రం ఇతని చేతిలో పెట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

పాత మోటారు సైకిళ్ల చక్రాలకు కొత్త స్పోకులు వేసి, బేరింగులు మార్చి, తిరిగి బండికి బిగించి ఇస్తానని ప్రకటనలు గుప్పించే ఆ పెద్దమనిషి ఎవరో పాత బళ్లవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పేరు రాయడం లేదు, అయినా మీకు తెలుసు. నా బండి ముందు చక్రం అతనికే అప్పగించాను, అడిగినంతా ముందుగానే చెల్లించాను, తళతళలాడే రిమ్మును చూసుకుని మురిసిపోతూ బండిని ఇంటికి తెచ్చుకున్నాను. రిమ్ము మెరుపును బట్టి పనితనాన్ని లెక్కగట్టే నాలాంటి మహాజ్ఞానులు ఉన్నంతకాలం అతని వ్యాపారానికి ఢోకా లేదు.

బండి కాస్త వేగం అందుకోగానే హ్యాండిలు వణకడం మొదలుపెట్టింది. స్టాండు వేసి, ముందు చక్రం నేలకు ఆనకుండా ఎత్తి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమని ఆడుతోంది. ఇరుసు నట్టు పానాతో పని లేకుండా వేళ్లతోనే తిరిగింది. నట్టు ఊడిపోకుండా దానికి అడ్డంగా గుచ్చే స్ప్లిట్ పిన్ను స్థానంలో వంచిపెట్టిన ఇనుప తీగ ముక్క దర్శనమిచ్చింది. హడావుడిలో మరిచిపోయాడు కాబోలునని సరిపెట్టుకుని నట్టు బిగించాను. బిగించేకొద్దీ చక్రం బరువెక్కి, చివరికి చేత్తో తోసినా కదలకుండా మొరాయించింది. అప్పుడు అర్థమైంది, ఇది మరుపు కాదని. నట్టు బిగిస్తే చక్రం తిరగడం లేదని చూసి, తెలిసి తెలిసి నట్టును వదులుగా ఉంచి, తీగ చుట్టి పంపించాడు.

విప్పి చూస్తే హబ్బులో, అంటే చక్రం నడిమి డొల్లలో, రెండు బేరింగుల మధ్య ఉండాల్సిన గొట్టం లేదు. నట్టు బిగింపు ఒక బేరింగు లోపలి వలయం నుంచి ఆ గొట్టం మీదుగానే రెండో బేరింగు లోపలి వలయానికి చేరాలి. గొట్టం లేకపోతే ఆ రెండు వలయాలూ ఒకదానివైపు ఒకటి జరిగి, బేరింగులోని ఉక్కు గుండ్లను పక్కకు ఒత్తి నలిపేస్తాయి. కొత్తగా వేసిన బేరింగులు అప్పటికే వేలితో తిప్పితే గరగరమంటున్నాయి.

బండి అతని దగ్గరికి తీసుకువెళ్లాను. అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచే. నా గొట్టం ఎక్కడో పోలేదు, అతని చేతిలోనే ఉంది. ఇంకెవరిదో హబ్బులోకి బేరింగు దింపుతూ, నా గొట్టాన్ని దాని మీద నిలబెట్టి పైనుంచి సుత్తితో బాదుతున్నాడు. ఒక అంచు దగ్గర నేను ఆకురాయితో గీసుకున్న గుర్తు ఉంది కాబట్టి పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. ఇది నా చక్రంలోది కదా అని అడిగితే, తలైనా ఎత్తకుండా, “అయితే ఏమైంది? ఇది లేకుండానే మీ చక్రం తిరిగింది కదా, మీరు ఇంటిదాకా నడుపుకుంటూ పోలేదా?” అన్నాడు. ఇంటిదాకా పోయింది నా అదృష్టం వల్లే తప్ప నీ పనివల్ల కాదు, డబ్బు వెనక్కి ఇవ్వమన్నాను. అక్కడున్న నలుగురికీ వినబడేలా, “అంత అపురూపమైతే అద్దాల బీరువాలో పెట్టుకోండి, రోడ్డు మీదికి ఎందుకు తెస్తారు? పాత బండి పాత బండిలాగే ఉంటుంది” అని నవ్వాడు. ఆ నలుగురూ నవ్వారు. డబ్బు పోయినందుకు కన్నా ఆ నవ్వుకే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఇంకో మాట. బేరింగును హబ్బులోకి దింపేటప్పుడు దెబ్బ బయటి వలయం మీద పడాలి. అతను నా గొట్టంతో కొడుతున్నది లోపలి వలయం మీద. అక్కడ పడే ప్రతి దెబ్బా గుండ్ల గుండానే పోతుంది కాబట్టి ఆ చక్రం యజమానికి కూడా గరగరలాడే కొత్త బేరింగే దక్కుతుంది. నా గొట్టాన్ని మాత్రం లాక్కుని వచ్చాను. సుత్తి దెబ్బలకు దాని అంచు పుట్టగొడుగులా విచ్చుకుంది, పొడవు తగ్గింది. ఆ పొడవు హబ్బులో బేరింగులు కూర్చునే చోట్ల మధ్య దూరానికి సరిపోకపోతే మళ్లీ మొదటికే వస్తుంది. ఇప్పుడు లేతు మీద కొత్తది చేయించాలి, బేరింగులూ మళ్లీ కొనాలి.

బ్రేకు సంగతి వింటే ఇంకా భయపడతారు. చక్రంతో తిరిగే డ్రమ్ముకు ఒరుసుకుని దాన్ని ఆపే షూలను మోసే బ్రేకు ప్లేటును ఫోర్కుకు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే జంట కాళ్లకు, కట్టి ఉంచే పట్టీ బోల్టు కూడా వేలి బిగింపు మీదే ఉంది. ఆ బోల్టు ఊడితే బ్రేకు నొక్కగానే ప్లేటు డ్రమ్ముతో పాటు తిరిగి, కేబులును చుట్టేసుకుని, పరుగులో ఉన్న ముందు చక్రాన్ని పట్టేస్తుంది. ఆ తర్వాత నడిపేవాడి గతి చెప్పనక్కర్లేదు.

చక్రం ఎవరికి ఇచ్చినా ముందుగా వాషర్లతో సహా ప్రతి భాగాన్నీ వరసలో పెట్టి ఫోటో తీసుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు నట్టు పూర్తిగా బిగించి వాళ్ల ముందే చక్రం తిప్పి చూడండి. బిగుసుకుంటే ఆ బండిని అక్కడి నుంచి కదపకండి. నట్టు బిగించేటప్పుడు బ్రేకు లీవరు నొక్కి పట్టుకుంటే షూలు డ్రమ్ములో నడిమధ్యన కూర్చుంటాయి. ఫోర్కు అడుగున ఇరుసును పట్టి ఉంచే క్లాంపు బోల్టును మాత్రం, ఫోర్కును నాలుగుసార్లు కిందికి అదిమి వదిలాకే, అన్నిటికన్నా చివర బిగించాలి. స్ప్లిట్ పిన్ను ఎప్పుడూ కొత్తదే వేయించండి.

అతని దగ్గర స్టాండు మీద బీఎస్ఏ అనే ఇంగ్లండు కంపెనీ పాత బండి కూడా ఒకటి ఉంది, ముందు చక్రం ఇంకా విప్పలేదు. బీఎస్ఏలో చాలా మోడళ్ల ముందు ఇరుసుకు ఎడమ మర ఉంటుంది, మామూలుగా విప్పే వైపు తిప్పితే అది ఇంకా బిగుసుకుంటుంది. అది కదలకపోతే ఇతను సుత్తి అందుకుంటాడు. ఆ బండి ఎవరిదో గాని, ఇది చదివిన వెంటనే వెళ్లి తెచ్చేసుకోండి.