టెక్కెన్ 8 ప్రాక్టీస్ మోడ్: కష్టమైన టెక్నిక్‌లు పోటీలో ఎంతవరకు పనికొస్తాయి?

హనుమకొండ గేమింగ్ సెంటర్లలో టెక్కెన్ అనే ఫైటింగ్ వీడియో గేమ్ ఆడే కుర్రాళ్లు ముందుగా నేర్చుకోవాలనుకునేది మిషిమా కుటుంబపు పాత్రల ‘ఎలక్ట్రిక్’ దెబ్బనే. 2024 జనవరిలో బందాయ్ నామ్కో విడుదల చేసిన టెక్కెన్ 8 ప్రాక్టీస్ మోడ్‌ను నేను ప్రధానంగా ఆ దృష్టితోనే పరిశీలించాను.

సెకనుకు 60 ఫ్రేములు (తెరపై మారే చిత్రాలు) నడిచే ఈ ఆటలో, స్టిక్ కింది మూలకు చేరిన ఫ్రేములోనే బటన్ కూడా పడితేనే ఎలక్ట్రిక్ వస్తుంది. అది వస్తే ప్రత్యర్థి బ్లాక్ చేసినా పైచేయి మనదే, తప్పితే వచ్చే మామూలు దెబ్బను బ్లాక్ చేసినవాడు మనల్ని శిక్షించగలడు. కాబట్టి దీని విలువ నిజమైనదే. అయితే కజుయా వంటి మిషిమా పాత్రను ఎంచుకోనివారికి దానితో పనే లేదు.

నా అభిప్రాయంలో అంతకంటే ముందు నేర్వవలసింది పనిష్‌మెంట్, అంటే ప్రత్యర్థి దెబ్బను బ్లాక్ చేసి అతడు తేరుకునేలోగా కొట్టడం. చాలా పాత్రల అతివేగమైన పంచ్ 10 ఫ్రేముల్లో తగులుతుంది కనుక, ఏ దెబ్బకు అంత వ్యవధి దొరుకుతుందో తెలిసినవారు సాదా పంచ్‌లతోనే ఎన్నో రౌండ్లు గెలుస్తారు. ఇక్కడే ఈ ఆట గొప్పగా ఉపకరిస్తుంది: మనం ఓడిన మ్యాచ్ రీప్లేలో వదులుకున్న అవకాశాన్ని అదే చూపుతుంది, అక్కడికక్కడే కంట్రోల్ మన చేతికిచ్చి మళ్లీ ప్రయత్నించనిస్తుంది. కొరియన్ బ్యాక్‌డాష్‌ను, అంటే వెంటవెంటనే వేగంగా వెనక్కి జరిగే టెక్నిక్‌ను మాత్రం, దాడికే పెద్దపీట వేసిన ఈ టెక్కెన్ 8లో, తీరికగా నేర్చుకున్నా నష్టం లేదు.