ఎంటీఆర్, లాల్‌బాగ్ రోడ్: జనం పెరిగినా రుచి తగ్గలేదు

బెంగళూరులో మన తెలుగోళ్ళు హోటళ్ళ గురించి మాట్లాడుకుంటే ఎక్కువగా వినిపించే మాట "ముందు బాగుండేదండీ". మా ఏరియాలో ఒక ఆంధ్రా మెస్ ఉంది, పేరొచ్చింది, రెండో బ్రాంచి పెట్టారు, అంతే, ముద్దపప్పు కాస్తా నీళ్ళపప్పు అయిపోయింది, గోంగూరలో పులుపు తప్ప ఇంకేం మిగల్లేదు. చాలా బాధేసింది.

అందుకే ఎంటీఆర్ (మావళ్ళి టిఫిన్ రూమ్స్) అంటే నాకు అంత గౌరవం. 1924 నుంచి ఉన్న హోటల్, ఆదివారం పొద్దున చూస్తే బయట జాతరలా జనం, అయినా రవ్వ ఇడ్లీ అదే మెత్తదనం, పైన జీడిపప్పు, పక్కన ఆలూ సాగు అనే బంగాళదుంప కూర, చిన్న గిన్నెలో కరిగిన నెయ్యి, అది పోసుకుని తుంచితే పోపు వాసన, కొత్తిమీర వాసన కలిసి గుప్పున వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం దొరక్క రవ్వతో మొదలెట్టారంట.

అన్నిటికంటే నాకు నచ్చింది ఎమర్జెన్సీ టైం సంగతి. 1975లో రేట్లు బాగా తగ్గించాలని ప్రభుత్వం పట్టుబడితే, నాసిరకం సరుకుతో నెట్టుకురాకుండా కొన్నాళ్ళకి ఏకంగా హోటలే మూసేశారు, రెడీమిక్స్‌లు అమ్ముకుని బతికి, తర్వాత మళ్ళీ తెరిచారు. క్వాలిటీ మీద పట్టుదల అంటే అదీ.

సాంబార్ కొంచెం తియ్యగా ఉంటుంది, అది వాళ్ళ పద్ధతి, మన కారం అక్కడ వెతకొద్దు. దోశ, ఫిల్టర్ కాఫీ మాత్రం వదలకండి. వీకెండ్ అయితే తెల్లారే వెళ్ళిపోండి.