కోడీ తుపాకుల మ్యూజియం: లేత్ పనివాడితో కలిసి చూస్తే

యెల్లోస్టోన్ వెళ్లే మనవాళ్లలో చాలామందికి కోడీ అంటే రాత్రి పడుకుని, పొద్దున్నే గ్యాస్ కొట్టించుకుని బయల్దేరే ఊరు. పార్కు తూర్పు గేటు అక్కడి నుంచి 50 మైళ్ల పైచిలుకు. కానీ ఈ వయోమింగ్ ఊళ్లో బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ద వెస్ట్ అనే పెద్ద భవనం ఉంది. ఒకే కప్పు కింద ఐదు మ్యూజియాలు, ఒకటే టికెట్, వరసగా రెండు రోజులు చెల్లుతుంది. వాటిలో ఒకటైన కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియం గురించే ఈ రివ్యూ.

నేను డెన్వర్‌లో మెకానికల్ ఇంజినీర్‌ని. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లేత్ షాపు నడిపి రిటైరయ్యారు. వేసవిలో అమ్మా నాన్నా వచ్చినప్పుడు ముగ్గురం వెళ్లాం. తుపాకులంటే మా ఇంట్లో ఎవరికీ మోజు లేదు. ఇనుముతో చేసిన పని అంటే మాత్రం నాన్నకీ నాకూ ప్రాణం. అందుకే ఈ మ్యూజియం మాకు ఇంత నచ్చింది. మీకు యంత్రాలంటే ఏ కాస్త ఆసక్తి ఉన్నా వెళ్లండి. కౌబాయ్ కథల కోసమే వెళ్తే సగమే చూసినట్టు.

మ్యూజియం సేకరణలో 7,000కు పైగా తుపాకులున్నాయి. దీనికి మూలం కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో వించెస్టర్ అనే తుపాకుల కంపెనీ దాచుకున్న సొంత సేకరణ. 2019లో మొత్తం మార్చి మళ్లీ తెరిచారు. తుపాకీ ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పాలన్న తపన అడుగడుగునా తెలుస్తుంది. నాన్న ఇంగ్లిష్ అంతంతమాత్రమే. అయినా అద్దం అవతల వస్తువును చూసి ఆయన నాకు చెప్పారే తప్ప, నేను ఆయనకు చెప్పాల్సి వచ్చింది తక్కువ.

ఎక్కువసేపు నిలబడింది 1873 మోడల్ వించెస్టర్ దగ్గర. దీనికి ముందువి రెండు చూడాలి. 1860 నాటి హెన్రీ రైఫిల్‌లో 16 తూటాలు పట్టేవి, కానీ వాటిని బారెల్ కింది గొట్టంలోకి ముందు వైపు నుంచి ఎక్కించాలి. ఆ గొట్టానికి పొడవునా చీలిక ఉండటంతో దుమ్ము దూరేది. 1866 మోడల్‌లో పక్కన చిన్న తలుపు పెట్టి ఆ బెడద తీర్చారు. దాని బాడీ పసుపు రంగు లోహంతో మెరుస్తుంటుంది కాబట్టి ఎల్లో బాయ్ అన్నారు. 1873కి వచ్చేసరికి బాడీ ఇనుముకి, ఆ తర్వాత ఉక్కుకి మారింది. తూటా కూడా బలమైంది. పేరు .44-40: పేరుకి పాయింట్ 44 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 40 గ్రెయిన్ల తుపాకీమందు. అంటే సుమారు రెండున్నర గ్రాముల మందు, దాని ముందు 13 గ్రాముల సీసం.

ట్రిగ్గర్ దగ్గరుండే లీవర్‌ను తిప్పితే లోపల ఏమవుతుందో చూసి నాన్న ఆగిపోయారు. రెండు లింకులు మోకాలిలా మడుచుకుంటాయి. లీవర్ మూసేసరికి నిటారుగా సాగి, తూటా వెనక మూతలా ఉండే బోల్టును వెనక నుంచి బిగించేస్తాయి. "అమ్మా, ఇది నాజూకైన పని, కానీ పెద్ద దెబ్బకి ఆగదు" అన్నారు. చరిత్ర కూడా అదే చెబుతోంది. సైన్యం వాడే పొడవాటి .45-70 తూటా ఈ ఏర్పాటులో ఇమడలేదు. 1876లో ఇదే యంత్రాన్ని పెద్దది చేసి చూశారు, అయినా కుదరలేదు. చివరికి యూటాలోని ఆగ్డెన్‌కు చెందిన జాన్ బ్రౌనింగ్ లింకులు తీసేసి, బోల్టుకు అటూ ఇటూ నిలువుగా జారే రెండు దిమ్మలతో తాళం పెట్టాడు. అదే 1886 మోడల్, ఈసారి .45-70 సాఫీగా పేలింది. ఈ వరసను ఒక్కొక్కటిగా కళ్లారా చూడటమే టికెట్ డబ్బుకి సరిపోయింది నాకు.

1873 మోడల్‌ను 'పశ్చిమాన్ని గెలిచిన తుపాకీ' అంటారు. అది కంపెనీ ప్రకటనల్లో వాడిన మాట. నా లెక్కలో ఆ ఘనత తుపాకీది కాదు, తూటాది. 1878లో కోల్ట్ కంపెనీ తన రివాల్వర్‌ను అదే .44-40లో అమ్మడం మొదలుపెట్టింది. దాంతో నడుముకి ఒక బెల్టు కట్టుకుంటే రైఫిల్‌కీ రివాల్వర్‌కీ ఒకే తూటాలు. ఊరికి వందల మైళ్ల దూరంలో ఉండే పశువుల కాపరికి ఇంతకంటే పెద్ద సదుపాయం ఏముంటుంది?

ఇంకో సంగతి. వెస్ట్ తుపాకులని మనం చెప్పుకునేవి దాదాపు అన్నీ ఈస్ట్‌లో తయారయ్యాయి. వించెస్టర్ న్యూ హేవెన్‌లో, కోల్ట్ హార్ట్‌ఫర్డ్‌లో, స్మిత్ అండ్ వెసన్ మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, రెమింగ్టన్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌లో. కంపెనీ పెట్టిన ఆలివర్ వించెస్టర్ అంతకుముందు చొక్కాలు కుట్టించి అమ్మిన వ్యాపారి. గేజ్ పెట్టి కొలిచి, ఒక ముక్క పోతే ఇంకో ముక్క తెచ్చి బిగించుకునేలా చేసిన ఆ షాపుల పనివాళ్ల పేర్లు ఏ కథలోనూ ఉండవు. నాన్నకు ఇది బాగా పట్టింది. వంకరటింకర తుపాకీ కర్రను లేత్ మీద ఎలా తిప్పుతారని అడిగారు. 1819లోనే థామస్ బ్లాంచర్డ్ అనే ఆయన ఒక నమూనాను తడుముతూ అదే ఆకారంలో చెక్కే లేత్ కట్టాడని చెప్పాను. ఆ తర్వాత కాసేపు నాన్న ఆ ఒక్క లేత్ గురించే మాట్లాడారు.

కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్, అంటే జనం పీస్‌మేకర్ అని పిలిచేది, 1873లోనే వచ్చింది. కంపెనీ పెట్టిన శామ్యూల్ కోల్ట్ 1862లోనే పోయాడు, దీన్ని చూడనే లేదు. తూటాలు పట్టే గదులు ఆరున్నా జాగ్రత్త తెలిసినవాళ్లు ఐదే నింపేవారు. తూటాను కొట్టి పేల్చే హామర్ కింద గది ఖాళీగా ఉంచకపోతే, జారి కిందపడితే పేలొచ్చు. సినిమాల్లో దీన్ని ఎంతో చూశాం కాబట్టి ఇంతకంటే రాయను.

గ్రేట్ బేసిన్ పార్కు రైఫిల్ కథ మాత్రం చెప్పాలి. 2014లో నెవాడాలోని ఆ జాతీయ పార్కులో ఒక జునిపర్ చెట్టుకు ఆనించి ఉన్న 1873 వించెస్టర్ దొరికింది. ఎండకీ వానకీ కర్ర పగిలి, వెనక కర్ర చివర మట్టిలో కూరుకుపోయి ఉంది. దాన్ని బాగుచేయడానికి తెచ్చింది ఈ మ్యూజియానికే. ఎక్స్‌రే తీస్తే వెనక కర్రలోని చిన్న అరలో ఒక తూటా కనిపించింది. ఇక్కడి రికార్డుల ప్రకారం ఆ రైఫిల్ 1882లో తయారై కంపెనీ నుంచి బయటికెళ్లింది. ఎవరికి వెళ్లిందో రాసి లేదు. ఆ సమయానికి ధర 50 డాలర్ల నుంచి 25కి దిగి, మామూలు మనిషి కొనగలిగే వస్తువైపోయింది. వించెస్టర్, మార్లిన్ కంపెనీల పాత ఫ్యాక్టరీ రిజిస్టర్లు ఈ భవనంలోని మెక్‌క్రాకెన్ లైబ్రరీలో ఉన్నాయి. రుసుము కట్టి సీరియల్ నంబర్ పంపితే, ఆ రిజిస్టర్‌లో ఉన్నది లెటర్‌గా ఇస్తారు.

అమ్మ తుపాకుల దగ్గర అరగంట కూడా ఉండలేదు. అదే భవనంలో, అమెరికా ఆదివాసీల గురించి చెప్పే ప్లెయిన్స్ ఇండియన్ మ్యూజియంలో పూసల పని చూస్తూ ఉండిపోయింది. మధ్యాహ్నం మమ్మల్ని పట్టుకెళ్లి, "మీరు పొద్దుట్నుంచి చూసినవాటితో ఏం చేశారో ఇక్కడ చూడండి" అంది. అమ్మ అన్నది నిజం. షార్ప్స్ రైఫిల్ పనితనం గొప్పది. ఒక్కో తూటాయే అయినా చాలా దూరం కొడుతుంది. బైసన్ (అమెరికా అడవిదున్న) వేటగాళ్లు దాన్నే కోరుకున్నారు. కోట్లలో ఉన్న బైసన్లు 1880ల చివరికి వందల్లోకి వచ్చాయి. వాటి మీదే బతికిన లకోటా, షైయెన్ లాంటి జాతుల తిండీ గుడారాలూ వాటితోనే పోయాయి. ఊరికి పేరిచ్చిన బఫెలో బిల్ కోడీయే రైల్‌రోడ్ కూలీల తిండి కోసం 18 నెలల్లో 4,280 బైసన్లను చంపానని చెప్పుకున్నాడు. ఆ వేటలో అతను వాడిన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ ఇక్కడే ఉంది. దానికి లుక్రీషియా బోర్జా అని పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు వెనక కర్ర లేదు, మిగిలింది ఇనుమే. మర్నాడు యెల్లోస్టోన్‌లో బైసన్ల మంద రోడ్డుకి అడ్డంగా నిలబడితే మా కారులో ఎవరూ విసుక్కోలేదు. 1902లో ఆ పార్కులో మిగిలినవి రెండు డజన్ల లోపే.

కాబట్టి ఐదింటినీ కాకపోయినా ఈ రెండింటినీ కలిపి చూడండి. పొద్దున తుపాకులు, భోజనం తర్వాత ప్లెయిన్స్ ఇండియన్. ఆ వరస మాకు బాగా కుదిరింది. చిన్నపిల్లలుంటే జంతువుల డ్రేపర్ మ్యూజియం కూడా ఉంది.

మనవాళ్లకు ఒక హెచ్చరిక. ఇవన్నీ చూశాక ఒక్కసారి పేల్చి చూడాలనిపిస్తుంది, పాత మోడళ్ల నకళ్లతో పేల్చనిచ్చే రేంజ్‌లూ తగులుతాయి. తిరుగు దారిలో ఇంకో ఊళ్లో అలాంటి చోటుకి వెళ్తే, కౌంటర్‌లో మనిషి వీసా సంగతి ఎత్తకుండానే నాన్న ముందు ఫారం పెట్టి సంతకం చేయమన్నాడు. నేను చదివి వెనక్కిచ్చేశాను. బి-2, ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాగానీ చేతిలో ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా అంతే. సరదా కోసం వీసాని టెన్షన్‌లో పెట్టుకోకండి.

రెండో రోజు టైముంటే మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమికి వెళ్లండి, మూడు గంటల లోపు డ్రైవ్. 1876 జూన్‌లో అక్కడ ఓడిపోయిన అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం చేతుల్లో ఉన్నవి ఒక్కో తూటా పేల్చే స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్లు (పొట్టి రైఫిళ్లు). ఎదుటి లకోటా, షైయెన్ యోధుల్లో కొందరి దగ్గర హెన్రీలు, వించెస్టర్లు ఉన్నాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ తూటాల రాగి గుల్లలు వేడెక్కి గదిలో ఇరుక్కునేవన్న మాట ఉంది. ఓటమిలో దాని వాటా ఎంతన్నది ఇప్పటికీ వాదనే. ఆ కార్బైన్ మూత ఎలా తెరుచుకుంటుందో ముందు కోడీలో చూసుకుని వెళ్తే, అక్కడ రేంజర్ చెప్పేది ఒక్క ముక్క పోకుండా అర్థమవుతుంది.