పొగతోటలో ఆయాసం డాక్టరు: నాలుగు స్టార్లు, ఒకటి లిఫ్టుకి కట్

ఊపిరితిత్తుల ఆస్పత్రి పొగతోటలో అంటే నవ్వొస్తది గానీ నెల్లూరులో డాక్టర్లంతా ఉండేది ఆడే కదా. పేరు రాయను, కొంచెం తిట్టాల్సింది కూడా ఉండాది.

నేను బుచ్చి (బుచ్చిరెడ్డిపాళెం) దగ్గర రైస్ మిల్లులో గుమస్తాని. 38 ఏళ్లు, ఎత్తు 168 సెంటీమీటర్లు, అప్పుడు బరువు 96 కేజీలు. మూడేళ్లుగా పిల్లికూతలు, రాత్రి రెండింటికి లేచి కూర్చుని దగ్గు. ఇంట్లో అందరిదీ ఒకటే పాట, తవుడు దుమ్మురా అది, మిల్లు మానెయ్ అని. ఊళ్లో చూపిస్తే ఆయన వచ్చినప్పుడల్లా ఒక ఇంజెక్షను, నాలుగు చిన్న మాత్రలు ఇచ్చేవాడు, రెండు రోజుల్లో హాయిగా ఉండేది, ఆకలి మాత్రం దంచి కొట్టేది, అవి స్టెరాయిడ్లని, అట్టా మాటిమాటికీ మింగితే ఒళ్లు పెరుగుద్దని ఈడికొచ్చినాకే తెలిసింది.

ఆస్పత్రి రెండో అంతస్తు. లిఫ్టుకి 'పని చేయదు' అని అట్టముక్క కట్టుండారు. ఆయాసం వాళ్లని మెట్లెక్కిస్తారా సామీ? మూడు సార్లు ఆగా. ఫీజు 500, టోకెన్ 31, పదింటికి పోతే ఒంటిగంటన్నరకి పిలిచారు.

డాక్టరు పెద్దాయన. స్టెతస్కోపు కంటే ముందు టేపు తీశాడు. దర్జీ మాదిరి నడుం కొలిచి 108 సెంటీమీటర్లు అని రాసుకున్నాడు, మగోళ్లకి 90 దాటితేనే ఎక్కువంట. నాకు మండింది, ఊపిరాడట్లేదు మొర్రో అంటే పొట్ట కొలుస్తాడేంది అని.

తర్వాత ఊదే టెస్టు. ముక్కుకి క్లిప్పు, నోట్లో గొట్టం, పక్కన ఒక పిల్ల నిలబడి ఊదన్నా ఊదు ఊదు ఊదు ఇంకా ఇంకా ఇంకా అని క్రికెట్ మ్యాచ్‌లో అరిచినట్టు అరుస్తది, కళ్లు బైర్లు కమ్మాయి, ప్యాంటు హుక్కు ఊడింది. మూడు సార్లు ఊదించి, మందు పీల్పించి, పావుగంట కూర్చోబెట్టి మళ్లీ ఊదించారు. మొదటి సెకన్లో వచ్చే గాలి ముందు 2.1 లీటర్లు, మందు తర్వాత 2.45. 12 శాతం, 200 మిల్లీలీటర్లు దాటి పెరిగింది కాబట్టి ఆస్తమా ఉన్నట్టే అన్నాడు. అయినా పూర్తి మామూలుకి రాలా.

"ఆదివారం మిల్లుకి పోవు కదా అబ్బయ్యా, ఆ రోజు మెట్లెక్కితే ఆయాసం రాదా?"
"వస్తది సార్."
"మరి ఆ రోజు దుమ్మేది?"

నేను నోరు మూసుకున్నా. దుమ్ముకి మాస్కు పెట్టుకోమన్నాడులే, కానీ అసలు సంగతి ఇది. బియ్యం మూట పొట్ట మీద పెట్టుకుని పడుకుని గాలి పీల్చు చూద్దాం అన్నాడు. పొట్ట లోపలి కొవ్వు డయాఫ్రాన్ని, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరాన్ని, పైకి నెడతది, ఊపిరితిత్తి సరిగ్గా విచ్చుకోదు, అది ముడుచుకుని ఉంటే గాలి గొట్టాలు కూడా సన్నబడతాయి. పైగా కొవ్వు ఊరికే కూర్చోదంట, వాపు తెచ్చే రసాయనాలు వదులుతా ఉంటది, అందుకే లావుగా ఉండేవాళ్లలో కొందరికి ఇన్‌హేలర్ కూడా అంతగా పట్టదు. అట్టని లావున్నోళ్ల ఆయాసమంతా ఆస్తమా కాదు, ఆస్తమా అంతా లావు వల్లా కాదు (మా బామ్మర్ది రివట, వాడికి చిన్నప్పట్నుంచీ ఉండాది), అందుకే ఊదిస్తారు.

రాత్రి పదిన్నరకి మిల్లు నుంచొచ్చి చేపల పులుసుతో మూడు సార్లు అన్నం కలుపుకుని తిని అట్నే పడుకుంటానని చెప్తే తల పట్టుకున్నాడు. పులిత్రేన్పులు పైకెగదన్ని కూడా దగ్గు రేపుతాయంట.

ఇన్‌హేలర్ రాస్తే అదీ స్టెరాయిడే కదా సార్ ఇంకా లావైతానేమో అన్నా. మాత్రల్లో మిల్లీగ్రాముల లెక్క, దీంట్లో మైక్రోగ్రాములు, నేరుగా ఊపిరితిత్తులకే పోద్ది, పీల్చాక నోరు పుక్కిలించు చాలు అన్నాడు. స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టి నా చేత మూడు సార్లు చేయించాడు కూడా, ఈ ఓపికకే రెండు స్టార్లు.

డైట్ కాగితం మాత్రం దండగ. క్వినోవా, అవకాడో. బుచ్చిలో అవకాడో యాడ దొరుకుద్ది? సార్‌కి చూపిస్తే ఆయనే పెన్నుతో కొట్టేసి అన్నం సగం, చేప ఉండనీ, నెయ్యి కారం దోశ ఒకటి, రాత్రి ఎనిమిదిలోపు తిను, అని రాసిచ్చాడు. కింద మందుల షాపోడు చీటీలో లేకపోయినా బరువు తగ్గే పొడి డబ్బా అంటగట్టబోయాడు, 2,400 అంట. జాగ్రత్త.

బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా తేడా తెలుస్తదన్నాడు. తొమ్మిది నెలలైంది, కాలవకట్ట మీద నడక, 88కి వచ్చా. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే మందు వారానికి నాలుగు సార్లు వాడేవాణ్ణి, ఇప్పుడు నెలకొకసారి. రోజువారీ ఇన్‌హేలర్ ఆపమనలా, నేనూ ఆపలా.

మొన్న చెకప్‌కి పోయా. అట్టముక్క అట్నే ఉండాది, దారం మాత్రం కొత్తది కట్టారు. మెట్లల్లో ఒక్కసారి ఆగా.