సారస్ ప్రమాదంపై డీజీసీఏ దర్యాప్తు నివేదిక: ఒక సమీక్ష

2009 మార్చి 6న బెంగళూరు దగ్గరి బిడది సమీపంలో సారస్ రెండో నమూనా విమానం పరీక్షా ప్రయాణంలో కూలిపోయి, అందులో ఉన్న ముగ్గురూ మరణించారు. వారిలో ఇద్దరు వైమానిక దళ టెస్ట్ పైలట్లు, ఒకరు ఫ్లైట్ టెస్ట్ ఇంజనీరు. ఈ దుర్ఘటనపై పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వెలువరించిన నివేదికను విమాన నిర్మాణ శాస్త్రం చదివే విద్యార్థులకు సిఫారసు చేయవచ్చా అన్న ప్రశ్నతో చదివాను. తప్పకుండా చేయవచ్చు, కానీ చదవవలసిన పద్ధతి గురించి కొంత చెప్పాలి.

సారస్ నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ రూపొందించిన 14 సీట్ల తేలికపాటి రవాణా విమానం. దాని రెండు టర్బోప్రాప్ ఇంజన్లూ వెనుక భాగాన ఉండి, ప్రొపెల్లర్లు విమానాన్ని ముందుకు నెడతాయి. ఆ రోజు పరీక్షలో ఎడమ ఇంజన్‌ను గాలిలోనే ఆపి, తిరిగి వెలిగించాలి. ఇది సుమారు 9,000 అడుగుల ఎత్తున జరిగిందని నివేదిక చెబుతుంది. అయితే అది సముద్ర మట్టం నుంచి లెక్కించిన ఎత్తు. బెంగళూరు నేలే దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉంది కనుక సిబ్బందికి నిజంగా మిగిలింది ఆరు వేల అడుగులే. ఈ తేడాను మనసులో పెట్టుకోకుండా ముందుకు సాగితే మిగతా విశ్లేషణ అర్థం కాదు.

ఇంజన్‌ను ఆపినప్పుడు ప్రొపెల్లర్ బ్లేడ్లను వాటి అంచు గాలికి ఎదురుగా నిలిచేలా తిప్పుతారు. దీన్నే ఫెదరింగ్ అంటారు. ఇంజన్ శక్తి అందకముందే బ్లేడ్లు ఆ స్థితి నుంచి బయటికి వస్తే, ప్రొపెల్లర్ గాలికి పెద్ద పళ్లెంలా అడ్డుపడి, విమానాన్ని ఒక పక్కకు లాగుతూ ఎత్తును వేగంగా తగ్గిస్తుంది. అందుకే ఇంజన్‌ను తిరిగి వెలిగించే విధానంలో ఏ పని తర్వాత ఏ పని అన్న వరుసకు అంత ప్రాధాన్యం.

డిజైనర్ రూపొందించిన ఆ విధానమే తప్పని, దాన్ని చాలినంత ఎత్తు లేనిచోట అమలు చేయడం వల్ల విమానం అదుపు తప్పిందని నివేదిక స్పష్టంగా తేల్చింది. ప్రభుత్వ సంస్థ తయారుచేసిన విమానం గురించి మరో ప్రభుత్వ సంస్థ ఇంత సూటిగా రాయడం నాకు గౌరవం కలిగించింది. సహాయక కారణాలలో సిబ్బంది సమన్వయ లోపంతో పాటు, మొదటి ప్రయత్నం విఫలమయ్యాక పరీక్షను విరమించకపోవడాన్నీ పేర్కొన్నారు. అదే జాబితాలో మరో వాక్యం ఉంది: ప్రొపెల్లర్ తయారీదారును సంప్రదించకుండానే ఆ విధానాన్ని రూపొందించారట. నా దృష్టిలో నివేదికలోకెల్లా విలువైన వాక్యం ఇదే. చేతికిచ్చిన విధానమే తప్పయినప్పుడు, దాన్ని పాటించిన వారి లోపాలను ఈ వాక్యంతో సమానంగా ఒకే వరుసలో నిలబెట్టడం నాకు న్యాయంగా తోచలేదు.

మరో లోటు ఆనాటి వ్యవస్థది. భద్రతను నియంత్రించే సంస్థే అప్పట్లో ప్రమాదాలనూ దర్యాప్తు చేసేది. ప్రత్యేక దర్యాప్తు బ్యూరో 2012లో గానీ ఏర్పడలేదు.

విద్యార్థులు ముందుగా ఇంజన్‌ను తిరిగి వెలిగించే విధానంపై ఉన్న విశ్లేషణ, తర్వాత సహాయక కారణాలు చదివి, ఆపైన మాత్రమే సిబ్బంది గురించిన భాగాలకు వెళ్లాలని నా సూచన.